ఎండలు ముదిరేది మేలో, వానలు కురిసేది జులైలో: ఎందుకు?

"నేల వేడెక్కి సముద్రం మీది గాలిని లాక్కోవడమే రుతుపవనమైతే, ఎండలు మండిపోయే మే నెలలోనే వానలు ఎందుకు పడవు?" అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. కొన్నేళ్ల కిందట నా తరగతిలో ఒక అమ్మాయి ఇదే అడిగింది. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. వెతికి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

రుతుపవనం గురించి బడి పాఠంలో చెప్పే ఆ మాట తప్పు కాదు. మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరి పల్లె. మే నెలలో పొద్దెక్కేసరికి పడమటి గాలి నిప్పులు చెరిగేది. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి గాలి మళ్లి, తూర్పు నుంచి తేమగా వీచేది. నాయనమ్మ వెంటనే తూర్పు తలుపులు బార్లా తీసేది. ఆ వేళ తీరంలో ఇసుక మీద కాలు మోపలేం. నాలుగడుగులు పరుగెత్తి నీళ్లలో దిగితే చల్లగా ఉండేది. రెండింటి మీదా పడేది ఒకే ఎండ. కానీ పొడి ఇసుకను ఒక డిగ్రీ వేడెక్కించే దానికి దాదాపు 5 రెట్ల వేడి ఉంటే తప్ప అంతే బరువున్న నీరు ఒక డిగ్రీ వేడెక్కదు. పైగా నేలలో పగటి వేడి పైపొరల్లోనే ఆగిపోతుంది. సముద్రంలో గాలీ అలలూ దాన్ని పదుల మీటర్ల లోతుకు కలిపేస్తాయి.

రోజూ జరిగే ఈ వ్యవహారమే ఏడాది కాలచక్రంలో ఇంకా పెద్దగా జరుగుతుందని ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ 1686లో చెప్పాడు. భూమి తిరగడం వల్ల గాలి పక్కకు మళ్లుతుందన్న సంగతిని 1735లో ఇంగ్లండ్‌కే చెందిన జార్జ్ హాడ్లీ చేర్చాడు. అందుకే దక్షిణ హిందూ మహాసముద్రంలో ఆగ్నేయం నుంచి వీచే గాలి, భూమధ్యరేఖ దాటాక సోమాలియా తీరం దగ్గర కుడికి తిరిగి, మనకు నైరుతి గాలిగా చేరుతుంది.

మీ సందేహం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. 1921లో వాతావరణ శాస్త్రవేత్త జార్జ్ సింప్సన్ కూడా ఇదే ఎత్తి చూపాడు: మన నేల బాగా కాగేది వానలకు ముందు, వానలు జోరుగా పడే జులైలో కాదు. కరువు ఏడాదిలో నేల ఇంకా వేడిగా ఉంటుంది, అయినా వాన రాదు. వేడి ఒక్కటే చాలితే థార్ ఎడారిలో కుండపోత కురవాలి కదా! అక్కడ అల్పపీడనం ఏర్పడుతుంది, కానీ పైన కిందికి దిగే పొడిగాలి మూత వేసినట్టు ఉండి మబ్బును ఎదగనివ్వదు.

అసలు బలం ఆవిరిది. సముద్రం మీద ఎండ ఖర్చు చేసిన వేడి ఆవిరిలో దాగి వస్తుంది. ఒక కిలో ఆవిరి మబ్బులో నీరుగా మారితే విడుదలయ్యే వేడితో 30 డిగ్రీల నీళ్లు ఎనిమిది లీటర్లను మరిగే దాకా తేవచ్చు. ఆ వేడి నేల మీద కాదు, కొన్ని కిలోమీటర్ల ఎత్తున గాలిని కాస్తుంది. కాగిన గాలి పైకి లేస్తుంది, దాని చోటుకు సముద్రం నుంచి మరింత తేమగాలి వస్తుంది. కాబట్టి వాన మొదలై నేల చల్లబడ్డాక కూడా రుతుపవనం ఆగదు. భూమధ్యరేఖ దగ్గరి మబ్బుల పట్టీయే వేసవిలో ఉత్తరానికి జరిగి మన మీదికి వస్తుందని 1980లో మన వాతావరణ శాస్త్రవేత్తలు సిక్కా, సులోచనా గాడ్గిల్ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా చూపించారు. నాకు ఈ వివరణే ఎక్కువ నచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలేంత ఎండ కాసినా, ఆ పట్టీ, ఆ తేమ రాకపోతే మృగశిరలో దుక్కి తడవదు.

ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న కూడా వేసింది: "మరి జులైలో మన ఊళ్లో వాన ఏది సార్?" నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కుతూ తన తేమలో చాలా భాగం అటువైపే కురిపిస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా పడితే, కనుమలకు ఇవతల ఉన్న అనంతపురంలో 550 దరిదాపుల్లోనే. మా తీరం వంతు అక్టోబరులో వస్తుంది. అప్పటికి ఉత్తరాన నేల చల్లబడి ఉంటుంది, బంగాళాఖాతం ఇంకా వెచ్చగా ఉంటుంది. ఈశాన్య గాలి ఆ నీటి మీదుగా తేమ మోసుకొస్తుంది. నెల్లూరుకు ఏటా పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉన్న మూడు నెలలదే. మేలో నాయనమ్మ బార్లా తీసిన తూర్పు తలుపులనే, కార్తీకంలో జల్లు ఇంట్లోకి కొట్టకుండా గడియ వేసి, కింద గోనెసంచి కుక్కేవాళ్లం.