సంగీత సందేహాలు: ‘విర్గో’ దగ్గర ఆల్టోల తప్పేం లేదు

ప్రశ్న: మా చర్చి క్వయర్‌లో 18 మందిమి. సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు) 7, ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) 5, టెనార్ (మగవాళ్ల పై గొంతు) 2, బేస్ (మగవాళ్ల కింది గొంతు) 4. ఈ క్రిస్మస్‌కు అమెరికన్ స్వరకర్త మోర్టెన్ లారిడ్సెన్ లాటిన్ పాట ‘ఓ మాగ్నుమ్ మిస్టేరియుమ్’ పాడదామనుకున్నాం. కీబోర్డు లేకుండా పాడితే చివరి అల్లెలూయాకు అర స్వరం దిగిపోతున్నాం. ‘విర్గో’ అనే మాట దగ్గర ఆల్టోలది అపస్వరంలా వినిపిస్తోంది. లాటిన్ ఎలా పలకాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ‘విర్గో’ దగ్గర మీ ఆల్టోలు బహుశా సరిగ్గానే పాడుతున్నారు. పాట డి మేజర్‌లో ఉంది. కన్య మరియను తలచే ఆ ఒక్క మాటకు ఆల్టోలకు జి షార్ప్ ఇచ్చారు. మొత్తం పాటలో శ్రుతికి బయటి స్వరం అదొక్కటే. మన లెక్కలో డి షడ్జమం అయితే అది ప్రతి మధ్యమం. గుచ్చుకోవాలనే పెట్టిన స్వరం కాబట్టి, తప్పేమోనని భయపడి గొంతు తగ్గించారో అటు జి కాక, ఇటు జి షార్ప్ కాక మధ్యలో నిలుస్తుంది. కీబోర్డులో డి ఒక్కటే నొక్కి పట్టి, ఆల్టోల చేత జి, జి షార్ప్, ఏ (A) స్వరాలను మెల్లగా పది సార్లు పాడించండి. తర్వాతే సొప్రానోలను కలపండి.

శ్రుతి దిగడానికి మొదటి కారణం ఊపిరి. పాట నెమ్మది, వాక్యాలు పొడుగు. అందరూ ఒకేచోట ఊపిరి తీస్తే స్వరం కుంగుతుంది. పక్కపక్క వాళ్లు వేర్వేరు చోట్ల తీయాలి, అదీ అచ్చు అక్షరం మధ్యలో చప్పుడు లేకుండా వదిలి, మెల్లగా వచ్చి కలవాలి. ఎవరు ఎక్కడ తీయాలో కాపీలో పెన్సిల్‌తో రాయించండి. రెండో కారణం గాంధారం. డికి గాంధారమైన ఎఫ్ షార్ప్ ఎవరికి వచ్చినా కాస్త పైకి తలుచుకుని పాడాలి. ప్రతి పేజీ చివర మాత్రం కీబోర్డుతో సరిచూడండి. అయినా దిగుతుంటే డికి అర స్వరం పైనున్న ఇ ఫ్లాట్ (E♭)లో మొదలుపెట్టి చూడండి, కొన్ని క్వయర్లకు అది బాగా నిలుస్తుంది. సొప్రానోల పై స్వరాలు బిగుసుకుంటే మళ్లీ డికే రండి.

మీకు అసలు చిక్కు టెనార్లే. ఈ పాటలో భాగాలు మళ్లీ రెండుగా చీలతాయి. అప్పుడు ఒక్కో వరుసకు ఒక్కరే మిగులుతారు, ఆయన ఊపిరి తీస్తే వరుస తెగుతుంది. కాజీపేట వైపు నుంచైనా ఇంకో ఇద్దరిని పిలవండి. దొరక్కపోతే ఈ ఏడాది వద్దు.

పలుకుబడి: మాగ్నుమ్‌ను ‘మాన్యుమ్’ అనాలి. ‘యాచెంతెమ్ ఇన్ ప్రెసేపియో’ అంటే పశువుల తొట్టిలో పడుకున్నాడని. ఇంకో చోట ‘కూయుస్ విషెరా’ అని పలకాలి. అంతటా మన ‘త’, ఎక్కడా ‘ట’ వద్దు. ‘వ’కు పై పళ్లు కింది పెదవికి తగలాలి.

క్యారల్ రౌండ్స్ మొదలయ్యేలోపే పాట నోటికి వచ్చేయాలి. రాత్రంతా చలిలో ఇల్లిల్లూ తిరిగి పాడిన గొంతులతో మర్నాడు ఈ ప్రాక్టీసు పెడితే ముందు పోయేది ఆ మెత్తని స్వరాలే.