ఎర్రగుంట్లలో చేరిన కొత్త డ్రాయింగ్ టీచరుకు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. "రాళ్లూ దుమ్మూ తప్ప ఇక్కడ వేయడానికి ఏముంది సార్" అన్నావు. మొదటిసారి ఆ వైపు వెళ్లినప్పుడు నేనూ అలాగే అనుకుని నేరుగా గండికోటకు పోయాను. అక్కడి పెన్నా లోయ ఎవరు వేసినా బాగానే వస్తుంది. అందుకే అక్కడ నేర్చుకునేది తక్కువ. నువ్వు ముందు నాపరాయి గనికి వెళ్లు.

పొద్దున 7 గంటల లోపే కూర్చో. మధ్యాహ్నమైతే నీడలుండవు, నీటిరంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. ఏటవాలు ఎండలో గని గోడ పొరలు పొరలుగా తేలుతుంది, అన్నీ అడ్డగీతలే. పైన గట్టు మీద ఆనించి పెట్టిన బండలు నిలువుగీతలు. ఆ రెండూ కుదిరితే సగం బొమ్మ అయినట్టే. ఊరి పేరులో ఎరుపుంది గానీ రాయిలో లేదు. పొడి బండ బూడిదరంగు, నీళ్లు చల్లితే కారునలుపు. అలాగని నల్లరంగు ట్యూబు ముట్టుకోకు. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా, అదే ఎర్రటి గోధుమరంగు, కలుపు, ఆ నలుపులో ప్రాణం ఉంటుంది.

ఒకసారి అలవాటు కొద్దీ గని పక్కన పచ్చటి చెట్టు వేశాను. సమ్మెట పక్కన పెట్టి వచ్చిన కూలీ ఒకాయన చూసి, "ఆ చెట్టు యాడుంది సార్?" అన్నాడు. ఆ బొమ్మ ఇంకా దాచుకున్నాను, సిగ్గుపడటానికి.

మేస్త్రీకి చెప్పకుండా గనిలోకి దిగొద్దు. బ్లాస్టింగ్ ఎప్పుడో అతనికే తెలుస్తుంది. అంచున అసలు కూర్చోకు.

పిల్లలకు రంగులు కొనలేదని టెన్షన్ పడకు. పాలిష్ ఫ్యాక్టరీల వాళ్లు పారబోసే బురదను తడిగా ఉన్నప్పుడే అడిగి తెచ్చుకో, పొడి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాతచీర గుడ్డలో వడగట్టి, నానబెట్టిన తుమ్మబంక కలిపితే లేత బూడిదరంగు తయారు. మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయి (బెరైటీస్) పొడిని పెయింట్ల తయారీలో వాడతారని చెప్పు, నమ్మరు.

వానలకు నిండిన పాత గుంతల్లో నీళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. వేయాలనిపిస్తుంది, వెయ్యి. పిల్లల్ని మాత్రం అక్కడికి తీసుకెళ్లకు, ఈతకని దిగుతారు. వాళ్లను ఇంట్లోనే కూర్చోబెట్టి, పని నుంచి వచ్చిన నాన్న చేతులు గీయమను.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు బొమ్మలు తీసుకురా. పిల్లలవి ముందు చూస్తాను, నీవి తర్వాత.

మీ డ్రాయింగ్ సారు