అగ్నిపర్వతం పేలిందా, పొంగిందా?

సందేహం: రష్యాలోని కమ్చట్కా అగ్నిపర్వతాల గురించి పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. ఒకే గుంపులో ఉన్నా ఒక కొండ లావాను పారించింది, మరొకటి భయంకరంగా పేలింది. రెండింటికీ ‘విస్ఫోటనం’ అనవచ్చా? మాగ్మా, లావా పర్యాయపదాలేనా?

సమాధానం: రెండింటికీ అనకండి. ‘స్ఫుట్’ ధాతువుకు పగలడం, చిట్లడం అని అర్థం. ఒంటినిండా పొక్కులు లేచే మశూచికి స్ఫోటకం అనే పేరు అందుకే వచ్చింది. పేలనిదాన్ని విస్ఫోటనం అనడం అతిశయోక్తి. (విస్ఫోటం, విస్ఫోటనం రెండూ సాధువులే, ఆ పేచీ అనవసరం.)

కమ్చట్కాలోని బెజిమియాన్నీ అనే కొండనే తీసుకోండి. రష్యన్‌లో ఆ పేరుకు ‘అనామకం’ అని అర్థం. 1955 వరకు దాన్ని చల్లారిపోయిన కొండ అనుకున్నారు. 1956 మార్చి 30న దాని శిఖరం కూలి, బూడిద 30 కిలోమీటర్లకు పైగా ఎగసింది. అది అచ్చమైన విస్ఫోటనం. అదే గుంపులోని టోల్బాచిక్ మాత్రం 2012 నవంబరులో పగుళ్లు విచ్చి, మరుసటి ఏడాది దాకా లావాను పారించింది. దానికి ‘లావా పొంగింది’, ‘లావా పారింది’ అంటే చాలు.

ఇరుగుపొరుగు కొండలకు ఇంత తేడా ఎందుకో తెలిస్తే క్రియ ఎంచుకోవడం సులువు. లోతు నుంచి బయల్దేరిన మాగ్మా (భూమి లోపలి శిలాద్రవం) ఎక్కడా పెద్దగా ఆగకుండా పైకి వస్తే, ద్రవాన్ని జిగటగా చేసే సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) తక్కువగా ఉండి పల్చగా ఉంటుంది. అందులోని వాయువులు సులభంగా తప్పించుకుంటాయి. దారిలో భూమి లోపలి ఏ గదిలోనో ఏళ్ల తరబడి నిలిచిపోతే కథ మారుతుంది. సిలికా తక్కువగా ఉన్న ఖనిజాలు ముందుగా స్ఫటికాలై విడిపోతాయి. చుట్టూ ఉన్న రాళ్లు కూడా కొంత కరిగి కలవచ్చు. మిగిలిన ద్రవంలో సిలికా, నీరు పెరుగుతాయి. పల్చని మాగ్మా గడ్డకడితే ఏర్పడే బసాల్టు రాతిలో సిలికా సుమారు 50 శాతం, జిగట మాగ్మా నుంచి వచ్చే ఆండిసైటు రాతిలో 60 శాతం. జిగట పెరిగేకొద్దీ బుడగలు బయటపడలేవు. ఒత్తిడి పెరిగి చివరికి పేలుతుంది. పక్కపక్క కొండలే అయినా వాటి కింది గదులు, దారులు వేరు కావచ్చు.

అయితే ‘ఇది పేలే కొండ, అది పారే కొండ’ అని ముద్ర వేయకండి. లావా ప్రవాహాలకు పేరుమోసిన హవాయిలోని కిలౌయా కూడా 1924లో భూగర్భజలం ఆవిరై పేలింది. క్రియ కొండకు కాదు, ఆనాటి ఘటనకు తగినట్టు ఉండాలి.

రెండింటికీ చెల్లే మాట కావాలంటే ‘ఉద్గారం’ ఉంది. లోపలిది వెలికి రావడమని దాని భావం. త్రేన్పు అనే అర్థమూ ఉంది, పిల్లలు నవ్వుకుంటారు. కర్బన ఉద్గారాల పుణ్యమా అని ఆ మాటను పొగగొట్టాలకే వదిలేశాం.

ఇక మాగ్మా, లావా పర్యాయపదాలు కావు. భూమిలో ఉన్నంతవరకు మాగ్మా, అంటే శిలాద్రవం. పైకి వచ్చి పారితే లావా. ‘భూగర్భంలో లావా మరుగుతోంది’ అనే వాక్యం పత్రికల్లో తరచూ కనిపిస్తుంది, తప్పే. బెజిమియాన్నీ పేలుడును వర్ణిస్తూ ‘లావా ఎగసింది’ అని కూడా రాయకండి: అంతటి పేలుడులో మాగ్మా తునాతునకలై బూడిదగా, రాతిముక్కలుగా చెదిరిపోతుంది. ఆ తర్వాత అక్కడి గుంటలో నెమ్మదిగా పెరిగిన గుమ్మటాన్ని మాత్రం నిక్షేపంగా లావా అనవచ్చు.