ఫిబ్రవరి చివర నేలపట్టులో పక్షులు ఉంటాయా?

పదేళ్ళ అమ్మాయిని తీసుకుని ఫిబ్రవరి చివరి వారంలో నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్దామనుకుంటున్నామని, సైబీరియా పక్షులు అప్పటికి వెళ్ళిపోతాయని ఎవరో చెప్పారని రాశారు. తప్పకుండా వెళ్ళండి. నేను నాలుగుసార్లు వెళ్ళాను. అన్నిటికంటే ఎక్కువ చూసింది ఫిబ్రవరి ఇరవై దాటాక వెళ్ళినప్పుడే.

ముందు ఆ సైబీరియా మాట. నేలపట్టుకు పేరు తెచ్చిన గూడబాతులు, అంటే పెలికాన్లు, సైబీరియా నుంచి రావు. అవి దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండాక వచ్చి గూళ్ళు కడతాయి, నెల రోజులు గుడ్లు పొదుగుతాయి, పిల్లలు ఎగిరే దాకా ఉంటాయి. చలికాలానికి ఉత్తరం నుంచి వచ్చే సూదితోక బాతుల వంటివి మీరు వెళ్ళేసరికి పలచబడతాయి, అది నిజం. కానీ గూడబాతులను విదేశీ అతిథులని రాస్తే నాకు బాధ కలుగుతుంది. ఇవి ఈ చెట్ల మీద పుట్టి పెరిగేవి.

ఆ చెట్లు నీటికడప చెట్లు. మొదళ్ళు నెలల తరబడి నీళ్ళలో మునిగి ఉన్నా చావవు. చుట్టూ నీరే కాబట్టి నక్కలు, పిల్లులు గూళ్ళ దాకా రాలేవు. 1976లో రక్షిత కేంద్రంగా ప్రకటించక ముందు నుంచే ఊరివాళ్ళు ఈ పక్షులను కాపాడుకుంటూ వచ్చారు. రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి బలమని వాళ్ళకు తెలుసు.

ఆ ఫిబ్రవరి రోజు మేము చెరువు కట్ట మీదికి చేరేసరికి ఆరున్నర కాలేదు. నీటి మీద మంచు ఇంకా విడలేదు. ముందు వినిపించింది టకటకమనే చప్పుడు, నత్తగుల్ల కొంగలు ముక్కులు కొట్టుకోవడం. వెలుగు వచ్చాక బైనాక్యులర్‌తో ఒకే ఒక్క గూడబాతు గూటిని పట్టుకుని కూర్చున్నాను. తెల్లటి నూగుతో రెండు పిల్లలు. తల్లి వచ్చి వాలగానే పెద్ద పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల దూర్చింది. తల, మెడ లోపలికి పోయాయి, బయట రెక్కలు మాత్రం కొట్టుకుంటున్నాయి. పొలానికి గూడ అనే బుట్టతో నీళ్ళు తోడిన మా తాతయ్య ఉంటే ఆ సంచిని చూసి పక్షి పేరు తానే చెప్పేవారు. రెండో పిల్ల తన వంతు వచ్చేదాకా గూటి పుల్లలను పొడుస్తూనే ఉంది.

మీ అమ్మాయికి నత్తగుల్ల కొంగల ముక్కులు కూడా చూపించండి. పెద్దవాటికి పైముక్కుకూ కిందిముక్కుకూ మధ్య సందు కనిపిస్తుంది. ఆ ఏడాది పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. ఫిబ్రవరిలో రెండు రకాలూ ఒకే కొమ్మ మీద కనబడే అవకాశం ఉంది.

ఎండ కాస్త ఎక్కి గాలి వేడెక్కాక గూడబాతులు చెట్ల మీది నుంచి లేచి, రెక్కలు పెద్దగా ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. అక్కడి నుంచి పులికాట్ సరస్సు వైపు చేపల వేటకు. అంత బరువైన పక్షి అంత తేలిగ్గా వెళ్ళడం చూసి నేను చాలాసేపు నోట్‌బుక్ తెరవలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. నేను రెండోసారి వెళ్ళినప్పుడు ఒకాయన ఎగిరే ఫోటో కోసం గట్టిగా చప్పట్లు కొట్టాడు. దగ్గరి చెట్టు మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అవి తిరిగి వచ్చేలోపు ఒక కాకి గూటి అంచున వాలింది. తర్వాత ఏమైందో ఆకుల చాటున కనబడలేదు, కానీ ఆ దృశ్యం ఇప్పటికీ నన్ను వదల్లేదు. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఎరుపు, పసుపు బట్టలు వద్దు.

ఊరు సూళ్ళూరుపేట, నాయుడుపేటల మధ్య 16వ నంబరు జాతీయ రహదారికి దగ్గర. రాత్రికి సూళ్ళూరుపేటలో ఆగితే తెల్లవారకముందే బయలుదేరవచ్చు. మధ్యాహ్నం శ్రీహరికోట దారిలో రాజహంసల (ఫ్లెమింగోల) కోసం చూడండి, కానీ ఉదయాన్ని వాటి కోసం తగ్గించుకోవద్దు. వానలు సరిగా పడని ఏడాది చెరువు తొందరగా ఎండుతుంది, గూళ్ళూ తక్కువే. అందుకని టికెట్లు కొనేముందు ఈసారి నీళ్ళు ఎంత ఉన్నాయో అక్కడి అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకోండి.