అమ్మలూ, ఫారంలో "నేను" అని రాసేముందు

అమ్మలూ,

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి, నువ్వు ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్‌లో అసోసియేట్ మెంబరు నుంచి మెంబరు గ్రేడుకి అప్లై చేస్తున్నావని చెప్పాడు. ఆ తరవాత చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో పేరు పక్కన ఆ సంస్థ సభ్యత్వం అక్షరాలు రాసుకునే రెండో మనిషివి నువ్వు. ఆ సంతోషం ఒకపక్క. ఆ అక్షరాల కోసం ఒకప్పుడు నేను చేసిన పని గుర్తొచ్చి భయం ఇంకోపక్క. ఫోన్లో చెబితే మధ్యలోనే "సరే బాబాయ్" అనేస్తావు. అందుకే తెల్లారగానే కూర్చుని రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. డిగ్రీ సర్టిఫికెట్టు, సర్వీసు సర్టిఫికెట్టు, పాత మెంబర్‌షిప్ నంబరు, ఫొటోలు, ఫీజు. పెళ్లయ్యాక నీ ఇంటిపేరు మారింది కదా, అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో చూసుకో. ప్రపోజర్ సంతకం కోసం, అంటే నిన్ను సభ్యత్వానికి ప్రతిపాదించే సంతకం కోసం, ఎవరి దగ్గరికి వెళ్లినా, నీ పని కళ్లారా చూసినవాళ్ల దగ్గరికే వెళ్లు. పెద్ద హోదా ఉందని ముఖపరిచయం లేనివాళ్ల గుమ్మం దగ్గర నిలబడకు. ఇక నెలనెలా సాయంత్రాలు జరిగే లెక్చర్లు మానకు. వెనక వరసలో కూర్చుని ఫోన్ చూసుకోకు. ఒక్క ప్రశ్నయినా అడిగి రా.

ఆ సంస్థ నాకెందుకంత గొప్పదో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. 1920లో మొదలై, 1935లో రాయల్ చార్టర్ పొందిన సంస్థ అది. హెడ్డాఫీసు కలకత్తాలో. మీ తరానికి బీటెక్ చేతిలో ఉంది కాబట్టి అందులో సభ్యత్వం ఒక గౌరవం. మాలాంటి డిప్లొమా వాళ్లకి అప్పట్లో అదే మెట్టు. ఆ సంస్థ పెట్టే సెక్షన్ ఎ, సెక్షన్ బి పరీక్షలు రెండూ గట్టెక్కితే ఇంజనీరింగ్ డిగ్రీతో సమానం అన్నారు. కాకినాడ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి నేను. పగలు కాలవ గట్టు మీద డ్యూటీ, రాత్రి లాకుల దగ్గర క్వార్టర్‌లో చదువు. కరెంటు పోతే లాంతరు పెట్టుకుని స్ట్రక్చర్స్ లెక్కలు చేసేవాణ్ణి. మీ పిన్ని పక్కన కూర్చుని దోమలు వాలకుండా విసిరేది. సెక్షన్ బి ఆఖరి పేపరు పాసైన రోజు మా నాన్న, అంటే మీ తాత, రిజల్టు కాగితం తీసుకెళ్లి దేవుడి పటం దగ్గర పెట్టాడు.

అంత కష్టపడి ఎక్కిన మెట్టు మీద నిలబడే ఆ తప్పు చేశాను.

1986 ఆగస్టు గోదావరి వరద నువ్వు చూడలేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారని నీకు తెలుసు. ఆ రోజుల్లో ఆ అంకె చూసి భయపడే దశ కూడా దాటిపోయింది. నా డ్యూటీ గౌతమి పాయ ఏటిగట్టు మీద. నాకు 28 ఏళ్లు. రాత్రి ఒంటిగంట దాటాక ఊరివైపు గట్టు అడుగున బుంగ పడింది. పిడికిలంత రంధ్రం. నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. నేను టార్చి పట్టుకుని, "బస్తాలు తెచ్చి దాని మీద వెయ్యండి, మూసెయ్యండి" అని అరుస్తున్నాను.

మా లస్కర్, అంటే గట్టు కాపలా చూసే మనిషి, వంగి ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు. రెండువేళ్ల మధ్య రుద్ది చూసి, "ఇసక వత్తందండి బాబుగారూ. మూసేత్తే పక్కనెక్కడో పగిలిపోద్దండి. సుట్టూ బావిలాగా కట్టాలండి" అన్నాడు. నేను వినలేదు. రెండు బస్తాలు వేయించాను కూడా. ఆయన చెప్పినట్టే మూరెడు అవతల ఇంకో ఊట తన్నుకొచ్చింది. అప్పుడు నోరు మూసుకుని ఆయన చెప్పినట్టు చేశాను. రెండు ఊటల చుట్టూ ఇసక బస్తాలు గుండ్రంగా పేర్పించాడు. లోపల నీళ్లు పెరిగాయి, ఆ బరువు బుంగ మీద పడింది, జోరు తగ్గింది. పైన చిన్న దారి వదిలి, పొంగిన నీటిని బోదెలోకి పంపించాడు. పొంగే నీటిని అరగంటకోసారి దోసిట్లో పట్టి చూస్తూ కూర్చున్నాడు. తెల్లవారుజామున నీళ్లు తేటగా వచ్చాయి. "ఇంక గట్టులో మట్టి రావట్లేదండి" అన్నాడు. నాలుగో తరగతి చదివినాయన. నేను పుస్తకంలో చదివి పరీక్షలో రాసిందే ఆయన చేత్తో చేసి చూపించాడు. రాసిన నాకు ఆ రాత్రి గుర్తు రాలేదు.

పద్దెనిమిదేళ్ల తరవాత, మెంబరుకి పైదైన ఫెలో గ్రేడుకి అప్లై చేశాను. చేసిన ముఖ్యమైన పనులు, అందులో నీ బాధ్యత రాయమన్న చోట, "1986 వరదల్లో ఏటిగట్టులో పడిన బుంగను గుర్తించి, చుట్టూ ఇసక బస్తాల వలయం కట్టించి, గండి పడకుండా కాపాడాను" అని ఇంగ్లీషులో చక్కగా రాశాను. రాసేటప్పుడు చెయ్యి వణకలేదు, అమ్మలూ. అక్కడున్న ఇంజనీరుని నేనే, బాధ్యత నాదే, కాబట్టి అది నా పనే అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. ఫెలోషిప్ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 15న, విశ్వేశ్వరయ్యగారి జయంతి సభలో, నా గురించి ఆ వాక్యమే చదివి శాలువా కప్పారు, సభ సావనీర్‌లోనూ అదే అచ్చేశారు.

ఆఖరి వరసలో ఆ లస్కర్ కూర్చుని ఉన్నాడు. "మా బాబుగారికి సన్మానమంట" అని ఎవరో చెబితే లంకలో పడవెక్కి, రేవు దాటి, బస్సు పట్టుకుని వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. మైకు నా చేతిలోనే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. బయటికొచ్చాక నా రెండు చేతులూ పట్టుకుని, "చానా బాగుందండి బాబుగారూ" అన్నాడు. ఆయన్ని కాఫీ కూడా తాగించకుండా బస్సు ఎక్కించాను. ముఖం చూడలేక.

అక్కడితో అయిపోలేదు. అందుకే ఇంత రాస్తున్నాను. 2006 వరదకి నేను బదిలీ మీద దూరంగా ఉన్నాను. అర్ధరాత్రి ఒక కుర్ర ఇంజనీరు గట్టు మీంచి ఫోన్ చేశాడు. "సార్, బుంగ పడింది, మీకు తెలుసని సావనీర్‌లో చదివాను, ఏం చెయ్యమంటారు?" అని. నీళ్లు తేటగా ఉన్నాయా, మడ్డిగా ఉన్నాయా అని అడిగితే చీకట్లో చెప్పలేకపోయాడు. చేత్తో పట్టి రుద్ది చూడమన్నాను. ఇసకో మట్టో అతనికి తెలియలేదు. ఆ విద్య తెలిసిన మనిషి అక్కడికి రెండు కిలోమీటర్లలో, తన ఇంట్లో నిద్రపోతున్నాడు. ఆయన పేరు ఏ కాగితంలోనూ లేదు కాబట్టి ఎవరూ వెళ్లి లేపలేదు. నాకు గుర్తొచ్చి చెప్పి, మనిషిని పంపేసరికి గట్టు గజం మేర కుంగింది. నిలబడింది. నిలబడింది కాబట్టే నేను ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

మరుసటి ఏడాది ఆయన పోయాడు. పెద్దకర్మకి వెళ్లి వాళ్లబ్బాయికి జరిగిందంతా చెప్పాను. "నాన్న ఎప్పుడూ చెప్పలేదండి" అన్నాడు. ఇన్‌స్టిట్యూషన్ వాళ్ల సెంటరుకి నిజం ఉత్తరం రాశాను. కానీ ఆ సావనీర్ అలాగే బీరువాల్లో ఉంది, అందులో వాక్యం కూడా అలాగే ఉంది.

ధవళేశ్వరంలో 1852 నాటికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరుతో పాటు, ఆయన కింద ఆ పని చేయించిన వీణెం వీరన్నగారి పేరు ఈ రోజుకీ చెప్పుకుంటున్నాం కదా. నేను అక్కడి కాటన్ మ్యూజియం ముందునుంచి ఎన్నిసార్లు వెళ్లానో. అయినా బుద్ధి రాలేదు.

ఇప్పుడు నీ సంగతి. నీ ఫారంలో ముఖ్యమైన పని చేల మురుగునీరు పోయే ఆ డ్రెయిను పూడిక తీయించడమే అవుతుందని నాకు తెలుసు. రెండు సీజన్లు నీళ్లు నిలిచి ఊడ్చిన చేలు కుళ్లిపోయిన చోట, మూడో ఏడు పంట చేతికొచ్చింది. నువ్వు ఎండలో నిలబడి గుర్రపు డెక్క తీయించిన ఫొటో మీ పిన్ని తన ఫోన్లో పెట్టుకుంది. లెవెల్స్ నువ్వు తీశావు, ఎస్టిమేట్ నువ్వు వేశావు. అది గట్టిగా, "నేను" అనే రాయి. ఆడపిల్లలు "టీమ్‌లో ఉన్నాను" అని తగ్గించుకుని రాస్తారు. నువ్వు అలా రాస్తే నేను ఒప్పుకోను. కానీ డ్రెయిను నీళ్లు బయటపడే మొగ దగ్గర ఇసక మేట ఎటు కదులుతోందో చెప్పినవాళ్లెవరు? అమావాస్య పోటు చూసి తవ్వకం ఆపమన్నవాళ్లెవరు? పండక్కి వచ్చినప్పుడు నువ్వే చెప్పావు, పొక్లెయిన్ ఆపరేటరు చెప్పాడని. ఆ ఒక్క వాక్యం నీ వాక్యం పక్కనే ఉండాలి. దానివల్ల నీ గ్రేడు ఆగితే ఆగనీ.

ఇంకో భయం ఉంది. మెంబరు అయ్యాక చార్టర్డ్ ఇంజనీరు సీలు కూడా తీసుకుంటావు. తెలిసినవాళ్లే వస్తారు. అపార్ట్‌మెంటు గట్టిగా ఉందని సర్టిఫికెట్టు కావాలంటారు, "మేడం, ఒక్క స్టాంపు" అంటారు. చూడని బిల్డింగు మీద సీలు వెయ్యకు. మీ నాన్న స్నేహితులు అడిగినా, నేను అడిగినా.

ఈ ఆదివారం రా. పిన్ని పనసపొట్టు కూర చేస్తానంటోంది. ప్రపోజర్ సంతకం నేను పెడతాను. ఫారం మొత్తం చదివాకే పెడతాను, కాబట్టి ఆఖరి నిమిషంలో తేకు. వచ్చేముందు డ్రెయిను దగ్గరికి వెళ్లి, ఆ పొక్లెయిన్ అబ్బాయి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా అడిగి రాసుకుని తీసుకురా.

మీ
బాబాయి