వాచీ కొలిచేది కొంత, ఊహించేది కొంత

ఆటా ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, కోచ్ జవాబులు

ప్రశ్న: మేడం, నాకు 43 ఏళ్లు. మూడు నెలలుగా పొద్దున్నే నెమ్మదిగా పరుగెత్తుతున్నాను. మా అబ్బాయి స్మార్ట్‌వాచీ కొనిచ్చాడు. పరుగు మొదలెట్టిన ఐదు నిమిషాలకే గుండె వేగం 170 దాటిందని తెర ఎర్రబడుతుంది, చేతికి జిర్రుమని తగులుతుంది. నాకేమో పక్కనున్న స్నేహితురాలితో కబుర్లు చెప్పుకునేంత తేలిగ్గానే ఉంటుంది. అయినా భయమేసి ఆగిపోతున్నాను. గుండెలో ఏదైనా లోపం ఉందంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట ‘కబుర్లు చెప్పుకునేంత’. మీ వయసులో గుండె నిజంగా నిమిషానికి 170 సార్లు కొట్టుకుంటుంటే మామూలుగా కబుర్లు సాగవు. రెండు మాటలకే ఊపిరి అందదు. కాబట్టి ముందు వాచీనే అనుమానిద్దాం.

రెండేళ్ల కిందట నా దగ్గర 800 మీటర్ల పరుగు నేర్చుకునే అమ్మాయి ఒకతె ఇలాగే బెదిరిపోయి వచ్చింది. వార్మప్‌లోనే 176 చూపిస్తోందని. ఆపి, మణికట్టు మీద వేళ్లు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కపెట్టాను. 33 వచ్చింది, అంటే నిమిషానికి 132. మరి ఆ 176 ఎక్కణ్ణుంచి వచ్చింది? మళ్లీ పరుగెత్తించి ఈసారి అడుగులు లెక్కపెట్టాను. అర నిమిషంలో 88. వాచీ ఆమె అడుగుల్నే గుండె చప్పుడుగా లెక్కేస్తోంది!

ఎందుకలా జరుగుతుందో చెప్తాను. వాచీ అడుగున పచ్చ లైట్లు మెరుస్తుంటాయి కదా, ఆ పచ్చ కాంతిని రక్తం బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పొంగి, తిరిగొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్నే వాచీ నాడిగా లెక్కిస్తుంది. పరుగులో చెయ్యి ఊగినప్పుడల్లా వాచీ చర్మం మీద అటూ ఇటూ జరుగుతుంది, అప్పుడూ కాంతి అలాగే మారుతుంది. పరుగులో చాలామందికి అడుగులు నిమిషానికి 150 నుంచి 180 దాకా పడతాయి. గుండె కూడా అందుకోగలిగిన అంకెలే గనక వాచీ పొరబడుతుంది. చలికి చర్మంలో రక్తప్రసారం తగ్గినా, వాచీ కింద ముదురు పచ్చబొట్టు ఉన్నా పొరపాటుకి ఇంకా అవకాశం ఉంది.

రేపు ఇలా చేయండి. ఎర్ర రంగు రాగానే ఆగి, మెడ పక్కనో మణికట్టు దగ్గరో రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆలస్యం చేయకూడదు, ఆగిన నిమిషంలోపే నాడి చాలా దిగిపోతుంది. ఇక వాచీని మణికట్టు ఎముక మీద కాకుండా రెండు వేళ్ల వెడల్పు పైకి జరిపి, కదలకుండా బిగించండి. ఒళ్లు వేడెక్కేదాకా నడిచి, తర్వాత పరుగు అందుకోండి. చాలావరకు దీంతోనే దారికొస్తుంది. రాకపోతే ఛాతీ పట్టీ వాడండి, అది గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. ఫిన్లాండ్‌కి చెందిన పోలార్ సంస్థ వైర్లు అక్కర్లేని పట్టీని 1982లోనే తెచ్చింది. చేతి ఊపుతో దానికి పని లేదు కాబట్టి నా పిల్లలకి గట్టి సాధన ఉన్న రోజుల్లో ఇప్పటికీ పట్టీయే కట్టిస్తాను.

ఆ ఎర్ర గీత ఎక్కడ పడుతుందో కూడా తెలుసుకోండి. 220లోంచి వయసు తీసేసి, అదే మీ గుండె గరిష్ఠ వేగమని చాలా వాచీలు అనుకుంటాయి. మీకు 177 వస్తుంది. ఒకే వయసువాళ్లలో అసలు గరిష్ఠం పది పన్నెండు అటూ ఇటూ ఉండడం మామూలే, అంతకు మించీ ఉండొచ్చు. 

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. వేళ్లతో లెక్కపెట్టినా 170 వస్తున్నా, నాడి లయ తప్పుతున్నా, ఛాతీలో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉన్నా, వాచీ ఏం చూపించినా సరే, పరుగు ఆపి డాక్టర్ని కలవండి.

ప్రశ్న: నా వయసు 61. రోజూ ఎనిమిది వేల అడుగులు సునాయాసంగా అవుతున్నాయి. పదివేలు కాలేదని బ్యాండ్ గుర్తుచేస్తుంటే, రాత్రి ఇంట్లోనే అటూ ఇటూ తిరిగి పూర్తిచేస్తున్నాను. మోకాళ్లు నొప్పెడుతున్నాయి. మానేస్తే నష్టమా?

జవాబు: అయ్యా, ఈ రాత్రే మానేయండి. పదివేలన్నది వైద్యులు తేల్చిన అంకె కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మింది. దాని పేరు మన్‌పో-కేయ్, అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరులోని అంకే ఇవాళ మీ బ్యాండ్ దాకా వచ్చింది. అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది స్త్రీల అడుగుల్ని లెక్కించిన పరిశోధన 2019లో వెలువడింది. రోజుకి 4,400 అడుగులు నడిచినవాళ్లలోనే, అంతకంటే బాగా తక్కువ నడిచినవాళ్లతో పోలిస్తే మరణాలు తగ్గాయి. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ లాభం పెరగడం ఆగింది. అది స్త్రీల మీద చేసిన పరిశోధనే, నిజమే. కానీ ఎనిమిది వేలు నడుస్తున్న మీరు మోకాళ్లని ఏడిపించి మిగతా రెండు వేలు లాగడానికి నాకు ఒక్క కారణమూ కనిపించడం లేదు. బ్యాండ్‌లో లక్ష్యాన్ని 7,500కి మార్చుకోండి. వారం రోజుల్లో నొప్పి తగ్గకపోతే మోకాళ్లు చూపించుకోండి.

మరో సంగతి. చంటిపిల్లల బండి తోస్తూ నడిస్తే చెయ్యి ఊగదు కాబట్టి చాలా అడుగులు లెక్కకే రావు. మీకు మనవలుంటే ఆ నడకా కలుపుకోండి.

ప్రశ్న: వ్యాయామంలో ఖర్చయ్యాయని వాచీ చూపించిన కేలరీలకి సరిపడా అదనంగా తింటున్నాను. అయినా బరువు పెరుగుతున్నాను, ఎందుకు?

జవాబు: ఆ అంకె ఊహ కాబట్టి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు పరికరాల్ని పరీక్షించారు. గుండె వేగం ఆరింటిలో 5 శాతం లోపు తేడాతో వచ్చింది. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వాన్నమైనది 93 శాతం! ఆ అంకెను చూసి తినకండి.

ప్రశ్న: మేడం, నాకు 19. ఫుట్‌బాల్ ఆడతాను. పొద్దున వాచీలో రికవరీ స్కోరు, అంటే ఒళ్లు ఎంత తేరుకుందో చెప్పే అంకె, తక్కువగా ఉంటే ఆ రోజు కాళ్లు లాగేస్తున్నట్టే ఉంటుంది. ప్రాక్టీసు మానేయాలా?

జవాబు: బాబూ, స్కోరు చూడకముందు కాళ్లు ఎలా ఉన్నాయో చెప్పగలవా? నాకు అదే కావాలి. ఆ స్కోరులో నీ నిద్ర లెక్కా కలుస్తుంది. నిద్రని ప్రయోగశాలలో తలకి ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు తరంగాలతో కొలుస్తారు. నీ వాచీ చెయ్యి కదలికనీ నాడినీ చూసి గాఢనిద్ర ఎంతో ఊహిస్తుంది. రెండు గుండె చప్పుళ్ల మధ్య వ్యవధి ఎంత మారుతోందో కూడా చూసి స్కోరు కడుతుంది. ఆ వ్యవధి పనికొచ్చే కొలతే, నేనూ చూస్తాను. కాకపోతే ఒక్కరోజు అంకె చూడను, వారం సగటు ఎటు పోతోందో చూస్తాను. నిద్ర అంకెల గురించే దిగులుపడి నిద్ర పాడుచేసుకునేవాళ్లు తమ దగ్గరికి వస్తున్నారని అమెరికా వైద్యులు 2017లో రాశారు, ఆ స్థితికి ‘ఆర్థోసోమ్నియా’ అని పేరు పెట్టారు. నువ్వు అంతదాకా పోవద్దు.

నా పిల్లల దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. లేవగానే, వాచీ ముట్టుకోకముందే, ఒళ్లు ఎలా ఉందో పదికి ఎన్నో రాస్తారు. ప్రాక్టీసయ్యాక ఎంత కష్టమనిపించిందో ఇంకో అంకె వేస్తారు. ఇది స్వీడన్ శాస్త్రవేత్త గున్నర్ బోర్గ్ కొలబద్ద ప్రకారం, 6 నుంచి 20 దాకా. ఆ అంకెను పదితో గుణిస్తే సుమారుగా గుండె వేగం రావాలని ఆయన ఆలోచన. వాచీ అంకె చివర్న రాస్తారు. మొదటి వారం పిల్లల అంకెలు ఎటెటో పోతాయి. మూడో వారానికి, ‘ఇవాళ్టి పరుగు 14’ అన్న పిల్ల నాడి చూస్తే 140 దగ్గర్లోనే ఉంటుంది. 

నువ్వూ ఇవాళ్టి నుంచి నెల రోజులు రాయి. ఆ నెలంతా స్కోరు బాగాలేదని ప్రాక్టీసు మానొద్దు. జ్వరమో గాయమో ఉంటే తప్ప. నీ అంకే, వాచీ అంకే రెండూ వరసగా మూడు రోజులు పడిపోతే నోట్‌బుక్ తీసుకెళ్లి మీ కోచ్‌కి చూపించు, ఆ వారం పరుగు ఎంత తగ్గించాలో ఆయన చెబుతారు.