పేపర్ వేసే బావగారికి సాయం డబ్బు: తీసుకుంటే కేసు పోతుందా?

ప్రశ్న: మేడమ్, మా బావగారికి 54 ఏళ్లు, బెంగళూరు విజయనగర్‌లో ఏజెంటు దగ్గర కమిషన్ మీద పేపర్ లైన్ చూసుకుంటారు. పోయిన నెల తెల్లారకముందే బండిల్స్ తెస్తుంటే కారు గుద్ది కాలు విరిగింది, రాడ్ వేశారు. ఎఫ్ఐఆర్ అయింది, కారు నంబరు కూడా దొరికింది. అపార్ట్‌మెంట్ వాళ్లు 1,30,000 పోగు చేసి అకౌంట్‌లో వేశారు. పేపర్ వాళ్ల సంఘం 40,000 ఇస్తానంటోంది గానీ "ఇకమీదట ఎవరి మీదా ఏ క్లెయిమూ చేయను" అని స్టాంప్ పేపర్ మీద సంతకం అడుగుతోంది. ఇవన్నీ తీసుకుంటే కారు ఇన్సూరెన్స్ వాళ్లు ఆ మేరకు కోసేస్తారా? టాక్స్ పడుతుందా?

జవాబు: డబ్బు తీసుకోండి, ఆ కాగితం మీద మాత్రం సంతకం వద్దు. సంఘం వాళ్లది చెడు ఉద్దేశం అనను, ఎప్పుడో ఎవరో ప్లీడరు రాసిచ్చిన ఫార్మాటునే అందరికీ వాడేస్తుంటారు, కానీ రేపు కోర్టులో ఇన్సూరెన్స్ లాయరు మీ బావగార్ని బోనులో నిలబెట్టి "ఈ సంతకం మీదేనా" అని అడిగేది ఆ కాగితం చూపించే. "వైద్యం కోసం సహాయంగా 40,000 అందుకున్నాను" అని ఒక్క లైను రసీదు ఇస్తే చాలు. ఒరిజినల్ హాస్పిటల్ బిల్లులు అడిగితే జెరాక్సులే ఇవ్వండి.

దయతో ఇచ్చిన డబ్బు వేరు, కారు నడిపినవాడి తప్పుకి రావాల్సిన పరిహారం వేరు. హెలెన్ రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదంతో సంబంధం లేకుండా వేరే దారిలో వచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ లాంటి డబ్బుని పరిహారంలోంచి తగ్గించకూడదని చెప్పింది. అది చావు కేసే అయినా మనం వాదించేది ఆ సూత్రం మీదే. చందా ఇచ్చినవాళ్లు మీ బావగారి కోసం ఇచ్చారు గానీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఖర్చు మిగల్చడానికి కాదు కదా.

అసలు పట్టు పట్టాల్సింది ఇంకోచోట. డాక్టరు సర్టిఫికెట్‌లో వైకల్యం 20 శాతం అని రాస్తే చాలామంది సంపాదన నష్టం కూడా అంతే అనుకుని ఊరుకుంటారు. 2010లో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చూడమన్నది ఆ దెబ్బ వల్ల ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందో. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే మనిషికీ, లిఫ్ట్ లేని బిల్డింగుల్లో మెట్లెక్కి పేపరు వేసే మనిషికీ అదే కాలు అదే నష్టం చేయదు, ఇది డాక్టరు చేతా మీ బావగారి చేతా సాక్ష్యంలో గట్టిగా చెప్పించాలి. సంపాదనకి రుజువుగా ఏజెంటు ఇచ్చిన బిల్లులు, ఇళ్లవాళ్లు ఫోన్‌పేలో వేసిన నెల డబ్బులు, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ దాచండి.

క్లెయిమ్ వేయడానికి చట్టంలో గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు, కాబట్టి కాలు బాగయ్యాక చూద్దాంలే అని ఆగొద్దు. ఏజెంటు "నువ్వు నా ఉద్యోగివి కాదు" అన్నా దీనికి అడ్డు కాదు, ఇది కారు వాళ్ల మీద కేసు. లాయరు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయ సేవా సంస్థలో అడగండి, ఫోన్ నంబరు 15100.

టాక్స్ సంగతి కూడా. బంధువులు కానివాళ్లిచ్చిన డబ్బు ఏడాదిలో మొత్తం 50,000 దాటితే, దాటినంత వరకే కాదు, మొత్తం ఆదాయంగా లెక్కేస్తారు (రిజిస్టరైన చారిటబుల్ ట్రస్టు ఇచ్చింది ఇందులోకి రాదు). కాకపోతే ఇన్‌కమ్ టాక్స్ కొత్త పద్ధతిలో (న్యూ రెజీమ్) 12 లక్షల లోపు ఆదాయానికి టాక్స్ కట్టక్కర్లేదు గనక మీ బావగారికి భయం లేదు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ చేత ఎవరెంత ఇచ్చారో లిస్టు రాయించుకోండి చాలు.

ఇంగ్లండులో పేపర్ అమ్మేవాళ్ల కోసం 1839లోనే సహాయ నిధి పెట్టుకున్నారు, ఇప్పటికీ నడుస్తోంది. మన దగ్గరా కర్ణాటక కార్మిక శాఖ పేపర్ వేసేవాళ్ల కోసం ప్రమాద పరిహారం, వైద్య సాయం స్కీము పెట్టింది, 16 నుంచి 59 ఏళ్ల వాళ్లకి, ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) పేపర్ వేసే పని కింద నమోదై ఉండాలి. మీ బావగారికి ఆ కార్డు ఉందో లేదో ఇంట్లో వెతికించండి, ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకుని లేబర్ ఆఫీసుకి ఈ వారమే వెళ్లండి.